పచ్చజెండా నొక్కే ముందు: పిల్లలకు బ్లాకులతో ప్రోగ్రామింగ్ నేర్పడం ఎలా

పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పుదామని కూర్చున్న పెద్దవాళ్లు మొదటి పది నిమిషాల్లోనే ఒక తప్పు చేస్తారు. "అలా కాదు, ఇలా ఇవ్వు" అంటూ మౌస్ లాక్కుంటారు. నేనూ లాక్కున్నాను. మా అమ్మాయికి ఎనిమిదేళ్లప్పుడు పక్కన కూర్చుని అరగంటలో చక్కటి ఆట ఒకటి తయారుచేశాం. "చేశాం" అన్నది మర్యాదకే. చేసింది నేను, చూసింది తను. మర్నాడు అదే ఆటలో పిల్లి వేగం తగ్గించమని అడిగితే ఎక్కడ చెయ్యి పెట్టాలో తనకు తెలియలేదు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టిన ఫలితం అది.

ఆ తర్వాత పద్ధతి మార్చుకున్నాను. ఇప్పుడు నేను పట్టుబట్టే నియమం ఒక్కటే. తెర మీద పచ్చజెండా నొక్కితే ప్రోగ్రాము మొదలవుతుంది కదా, ఆ జెండా నొక్కే ముందు "ఇప్పుడు ఏం జరుగుతుంది?" అని అడిగి పిల్లల చేత చెప్పించాలి. వాళ్లు చెప్పింది ఒకటి, జరిగింది మరొకటి అయిందా, మంచిదే. అసలు పాఠం ఆ తేడాలోనే ఉంది. కింద చెప్పబోయే మెట్లన్నీ ఈ అలవాటు చుట్టూ అల్లినవే.

ముందుగా పనిముట్టు

బ్లాకులతో, అంటే ఆజ్ఞలు రాసి ఉన్న ముక్కలను తెర మీద ఒకదానికొకటి అతికించి, కోడ్ రాయడానికి చాలా సాధనాలున్నాయి. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకైతే స్క్రాచ్‌తో మొదలుపెట్టండి, ఎక్కువ ఆలోచించవద్దు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయపు మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం తయారుచేసి 2007లో విడుదల చేసిన ఈ సాధనాన్ని ముఖ్యంగా 8 నుంచి 16 ఏళ్ల వాళ్లను దృష్టిలో పెట్టుకుని రూపొందించారు. పూర్తిగా ఉచితం. 2019 జనవరిలో వచ్చిన 3.0 రూపం బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఇంటర్నెట్ నిలకడగా ఉండని చోట కంప్యూటర్‌లో దింపుకుని వాడుకునే యాప్ కూడా ఉంది.

అయిదు నుంచి ఏడేళ్ల పిల్లలకు స్క్రాచ్ జూనియర్ ఉంది. 2014లో వచ్చింది, టాబ్లెట్‌లో నడుస్తుంది. దాని బ్లాకుల మీద మాటలకు బదులు గుర్తులుంటాయి కాబట్టి చదవడం రాకపోయినా ఇబ్బంది లేదు. చదవడం ఇంకా తడబడుతున్న పిల్లవాణ్ణి తొందరపడి పెద్ద స్క్రాచ్ ముందు కూర్చోబెడితే వాడు ప్రోగ్రామింగ్ కష్టమనుకుంటాడు. వాడికి కష్టమైంది చదవడమే, కానీ ఆ సంగతి వాడికి తెలియదు.

మరో రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళ్తాను. ఫోన్ తెర దీనికి చాలదు, కనీసం టాబ్లెట్ కావాలి. మౌస్ ఉన్న కంప్యూటర్ అయితే ఇంకా మేలు. ఖాతా లేకుండానే పని మొదలుపెట్టవచ్చు గానీ, అప్పుడు చేసినదాన్ని ఫైలుగా కంప్యూటర్‌లో భద్రపరచుకోవాలి. ఆ ఫైలు పేరు చివర ఎస్‌బీ3 అని ఉంటుంది. రోజు చివర దీన్ని మరిచిపోయి కన్నీళ్లు పెట్టుకున్న పిల్లల్ని చూశాను. అందుకే మొదటిరోజే "దాచావా?" అని అడగడం అలవాటు చేసుకోండి.

బ్లాకుల మీద మాటలను డెబ్భైకి పైగా భాషల్లోకి మార్చుకోవచ్చు. ఇక్కడ నేను వాటి పేర్లను తెలుగులో అర్థం చెబుతూ రాస్తున్నాను. తెర మీద ఏ భాష ఉన్నా రంగును బట్టి పోల్చుకోవచ్చు: కదలికలు నీలం, రూపానికి సంబంధించినవి ఊదా, ఎప్పుడు మొదలవాలో చెప్పేవి పసుపు, మళ్ళీమళ్ళీ చేయించేవీ షరతులు పెట్టేవీ నారింజ ఛాయ పసుపు, లెక్కలూ పోలికలూ ఆకుపచ్చ.

తెర తెరవకముందు పది నిమిషాలు

మొదటి పాఠానికి కంప్యూటర్ అక్కరలేదు. మీరు మరమనిషి అవ్వండి, పిల్లవాడు ఆజ్ఞలు ఇస్తాడు. గదిలో ఒక మూల నుంచి తలుపు దాకా మిమ్మల్ని నడిపించమనండి. ఒక్క షరతు: చెప్పింది చెప్పినట్టే చేయాలి, సొంత తెలివి వాడకూడదు.

"నడు" అంటాడు. నడుస్తూనే ఉండండి. గోడకు తగిలినా ఆగవద్దు, అక్కడే కాళ్లు ఆడించండి. ఎన్ని అడుగులో వాడు చెప్పలేదు కదా! పిల్లవాడు పగలబడి నవ్వి "నాలుగు అడుగులు నడు" అని సరిచేస్తాడు. "తిరుగు" అంటే మీరున్నచోటే గిరగిరా తిరగండి. ఏ వైపు, ఎంత? పది నిమిషాలు గడిచేసరికి వాడి నోట "నాలుగు అడుగులు ముందుకు, కుడివైపు పావు చుట్టు, మళ్ళీ రెండు అడుగులు" అనే మాటలు వస్తాయి. అది ప్రోగ్రామే, బ్లాకులు మాత్రమే లేవు.

తర్వాత పాత్రలు మార్చుకోండి. ఈసారి మీ ఆజ్ఞల్లో కావాలనే ఒక పొరపాటు పెట్టండి. నడవడం మొదలుపెట్టకముందే ఎక్కడ తప్పు జరగబోతోందో పట్టుకోగలడేమో చూడండి. పచ్చజెండా నియమానికి ఇదే తొలి అభ్యాసం.

మొదటిసారి తెర ముందు

ఉపన్యాసం వద్దు. మూడు చోట్లు చూపిస్తే చాలు. ఎడమవైపు బ్లాకుల పెట్టె, మధ్యలో వాటిని పేర్చే జాగా, మరోపక్క ఆట జరిగే రంగస్థలం. స్టేజ్ మీద ఒక పిల్లి నిలబడి ఉంటుంది. ఇలాంటి పాత్రలను స్ప్రైట్లు అంటారు.

నీలం రంగులో "10 అడుగులు కదులు" అనే బ్లాకును మధ్యలోకి లాగమనండి. దాని మీద నొక్కమనండి. పిల్లి కొద్దిగా జరుగుతుంది. "10 తీసేసి 100 పెడితే?" అని అడగండి. జవాబు చెప్పాకే నొక్కాలి. మైనస్ 100 పెడితే? ఇక్కడ చాలామంది పిల్లలు "పిల్లి తిరిగి వెనక్కి నడుస్తుంది" అంటారు. నిజానికి పిల్లి ముఖం తిప్పదు, అటే చూస్తూ వెనక్కి జరుగుతుంది. ఊహ తప్పింది కాబట్టి ఆసక్తి పెరుగుతుంది.

ఆ తర్వాత వాళ్ల ఇష్టానికి వదిలేయండి. పిల్లలు వెంటనే పిల్లికి రంగులు మారుస్తారు, మీసాలు గీస్తారు, శబ్దాలు పెడతారు, గొంతు రికార్డు చేస్తారు. "కోడ్ రాయకుండా బొమ్మలు గీస్తున్నాడే" అని మీకు ప్రాణం కొట్టుకుంటుంది. కొట్టుకోనివ్వండి. తను గీసిన బొమ్మను కదిలించాలన్న కోరికే రేపు వాణ్ణి కూర్చోబెడుతుంది. ముప్పై నలభై నిమిషాలయ్యాక, ఇంకా ఆడాలని ఉండగానే ఆపేయండి. వారానికి రెండుసార్లు కూర్చుంటే చాలు.

ఒక చిన్న గందరగోళం గురించి ముందే తెలుసుకోండి. "నీలం బ్లాకులన్నీ మాయమైపోయాయి!" అని ఎప్పుడో ఒకప్పుడు కేక వినిపిస్తుంది. పిల్లవాడు పొరపాటున పిల్లికి బదులు వెనకతెరను ఎంచుకుని ఉంటాడు. వెనకతెర కదలదు కాబట్టి దానికి కదలిక బ్లాకులు ఉండవు. పిల్లి బొమ్మ మీద మళ్ళీ నొక్కితే అన్నీ తిరిగొస్తాయి. ఈ సందర్భంలోనే చెప్పండి, ప్రతి స్ప్రైట్‌కూ తన కోడ్ తనదేనని. బంతికి రాయాల్సింది పిల్లికి రాసి తలపట్టుకోవడం పెద్దవాళ్లకూ జరుగుతుంది.

చతురస్రం నుంచి నక్షత్రం దాకా

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు ఇది. తొందరపడకుండా రెండు మూడు రోజులు దీని మీదే ఉండండి.

కింద ఎడమ మూలనున్న గుర్తు నొక్కితే అదనపు హంగులు కనిపిస్తాయి. అందులో కలాన్ని ఎంచుకోండి. ఇక కలం దించితే పిల్లి నడిచినచోటల్లా గీత పడుతుంది. మొదటి ప్రోగ్రాము ఇలా పేర్చమనండి: పచ్చజెండా నొక్కినప్పుడు, కలం ఎత్తు, మధ్యకు వెళ్ళు, అంటే ఎక్స్ 0, వై 0, 90 వైపు (అంటే కుడివైపు) చూడు, అంతా తుడిచేయి, కలం దించు, 100 అడుగులు కదులు, 90 డిగ్రీలు తిరుగు, ఒక సెకను ఆగు. చివరి మూడింటినీ నాలుగుసార్లు పేర్చితే చతురస్రం వస్తుంది.

నాలుగుసార్లూ చేత్తోనే పేర్చనివ్వండి. విసుగు పుట్టాలి. విసుగు పుట్టాకే "4 సార్లు మళ్ళీ చేయి" అనే బ్లాకును చూపించండి. నోరు తెరుచుకున్న ఆ బ్లాకులో మూడు ముక్కలు పెడితే పన్నెండు బ్లాకుల పని అయిపోతుంది. ఇలా మళ్ళీమళ్ళీ చేయించే లూప్ ఎందుకో ఇక వివరించనక్కరలేదు, చేతి నొప్పే వివరిస్తుంది.

ఒక సెకను ఆగు అన్న ముక్కను పారేయవద్దు. అది లేకపోతే పిల్లి కళ్లు మూసి తెరిచేలోగా చుట్టి వచ్చేస్తుంది, ఏ అడుగు తర్వాత ఏ మలుపు తిరిగిందో కనిపించదు. ఒకసారి నా దగ్గర ఒక పిల్లవాడు 100 కదిలి, వెంటనే మైనస్ 100 కదిలే కోడ్ రాసి "పని చేయడం లేదు" అన్నాడు. అది పని చేసింది. చూడటానికి వాడికి వ్యవధి లేదు, అంతే. కంప్యూటర్ వేగమూ మన కంటి వేగమూ ఒకటి కాదని ఆ పిల్లవాడికి ఆరోజే తెలిసింది.

ఇప్పుడు త్రిభుజం అడగండి. లెక్కలు కాస్త తెలిసిన పిల్లలు ధీమాగా "మూడుసార్లు, 60 డిగ్రీలు" అంటారు. సమబాహు త్రిభుజంలో ఒక్కో కోణం 60 అని బళ్లో చదువుకున్నారు కదా. సరిదిద్దవద్దు. "ఎలాంటి బొమ్మ వస్తుందో కాగితం మీద గీసి చూపించు" అనండి. ఆ తర్వాత జెండా నొక్కనివ్వండి. త్రిభుజం రాదు. సగం తెరిచిన గిన్నెలాంటి ఆకారం వస్తుంది. నిజానికది షడ్భుజిలో సగం.

ఆ క్షణంలో మీ నాలుక మీదికి "120" అనే అంకె పరుగెత్తుకొస్తుంది. పళ్లు బిగపట్టండి. పిల్లవాణ్ణి లేపి నేల మీద త్రిభుజాకారంలో నడవమనండి. మూల దగ్గరికి వచ్చాక ఎంత తిరిగావని అడగండి. నేరుగా చూస్తున్నవాడు లోపలి కోణం అంత కాదు, బయటి కోణం అంత తిరుగుతున్నాడని కాళ్లకు తెలుస్తుంది. చుట్టూ తిరిగి మొదలైన చోటికి, మొదట చూసిన వైపుకే వచ్చేసరికి మొత్తం తిరిగింది 360. మూడు మూలలకు పంచితే 120. చతురస్రానికి 360ని నాలుగుతో భాగిస్తే 90 వచ్చింది కాబట్టి అప్పుడు ఈ చిక్కు బయటపడలేదు, లోపలి కోణమూ బయటి కోణమూ అక్కడ సమానం మరి.

శరీరాన్ని కదిలించి జ్యామితిని నేర్చుకోవడం అనే ఆలోచన స్క్రాచ్‌ది కాదు. 1967లో సీమోర్ పాపర్ట్, వాలీ ఫోయర్‌జైగ్, సింథియా సోలమన్ తదితరులు రూపొందించిన లోగో భాష నుంచి వచ్చింది. అందులో తాబేలు గీతలు గీసేది. ఇప్పటి పిల్లికి ఆ తాబేలు ముత్తవ్వ వరస.

సూత్రం చిక్కాక పిల్లలను ఆపలేరు. అయిదు భుజాలకు 72, ఆరింటికి 60, ఎనిమిదింటికి 45. "అయిదుసార్లు, 144 డిగ్రీలు" అని రాసి, ఏం వస్తుందో చెప్పమనండి. అయిదు కొనల నక్షత్రం వస్తుంది. 360సార్లు ఒక్కో అడుగు, ఒక్కో డిగ్రీ? వృత్తం. దీనికి మాత్రం ఆ ఒక సెకను బ్లాకు తీసేయండి, లేకపోతే ఆరు నిమిషాలు కూర్చోవాలి. ఆరు నిమిషాలని పిల్లల చేతే లెక్క కట్టిస్తే ఇంకా బాగుంటుంది.

బ్లాకుల ఆకారం చెప్పే సంగతి

ఇక్కడ కాసేపు ఆగి ఒక విషయం చూడండి, మీకే ఉపయోగం. మాటలతో కోడ్ రాసే భాషల్లో ఒక చుక్క తప్పినా, ఒక బ్రాకెట్ మరిచిపోయినా ప్రోగ్రాము మొదలే కాదు. బ్లాకుల్లో ఆ బెడద లేదు. అవునా కాదా అని జవాబిచ్చే బ్లాకులకు అటూ ఇటూ మొన తేలి ఉంటుంది, అవి అలాంటి ఖాళీల్లోనే ఇముడుతాయి. "ఎప్పటికీ" అనే లూప్ కింద అతికించడానికి జాగాయే ఉండదు. అంతులేని పని తర్వాత మరో పని ఎప్పుడు మొదలవుతుంది? ఆ సంగతిని బ్లాకు తన ఆకారంతోనే చెబుతోంది.

అంటే రాతలో తప్పులకు తావు లేదు. మిగిలేవి ఆలోచనలో తప్పులే. బ్లాకులు చిన్నపిల్లల ఆటవస్తువులని చప్పరించేసేవాళ్లు గమనించాల్సింది ఇది. చెత్త చిక్కులన్నీ తీసేసి, అసలు చిక్కును మాత్రం పిల్లల ముందు ఉంచుతాయి.

మొదటి ఆట: పైనుంచి పడే నక్షత్రం

పిల్లలకు ఆట చేయాలని ఉంటుంది. ఏ ఆట అని అడిగితే గొంతెమ్మ కోరికలు కోరతారు: పది అంతస్తుల కోట, నాలుగు రాక్షసులు, ఇద్దరు ఆటగాళ్లు. కాదనవద్దు. కాగితం మీద రాయించి గోడకు అంటించండి. "ఇందులో అన్నిటికన్నా చిన్న ముక్క ఏది? ముందు అది చేద్దాం" అనండి. రాక్షసుడు కదలడమా, తగిలితే చావడమా? ఏ ఆటైనా విడదీస్తే ఇలాంటి ముక్కలే వస్తాయి.

మొదటిసారికి నేను సూచించేది: పైనుంచి నక్షత్రం పడుతుంటుంది, కింద గిన్నెను అటూ ఇటూ జరిపి పట్టుకోవాలి. స్టేజ్ వెడల్పు 480, ఎత్తు 360. మధ్యలో సున్నా కాబట్టి ఎక్స్ మైనస్ 240 నుంచి 240 దాకా, వై మైనస్ 180 నుంచి 180 దాకా ఉంటాయి. బళ్లో గ్రాఫు కాగితం మీద నీరసంగా కనిపించిన రుణసంఖ్యలకు ఇక్కడ పని దొరుకుతుంది.

గిన్నెకు: పచ్చజెండా నొక్కినప్పుడు, ఎప్పటికీ, కుడి బాణం నొక్కి ఉంటే ఎక్స్‌ను 10 మార్చు, ఎడమ బాణం నొక్కి ఉంటే ఎక్స్‌ను మైనస్ 10 మార్చు.

నక్షత్రానికి: పచ్చజెండా నొక్కినప్పుడు, స్కోరును 0 చేయి, ఎక్స్ మైనస్ 200, 200 మధ్య ఏదో ఒక అంకె, వై 170 దగ్గరికి వెళ్ళు, ఎప్పటికీ వైని మైనస్ 5 మార్చు, గిన్నెను తాకితే స్కోరును 1 పెంచు, మళ్ళీ పైకి వెళ్ళు, వై మైనస్ 160 కన్నా తక్కువైతే పైకి వెళ్ళు.

ఈ జవాబును మీరు మనసులో పెట్టుకోండి. పిల్లలకు చూపించవద్దు. వాళ్లు సొంతంగా కట్టేటప్పుడు దాదాపు తప్పకుండా మూడు గుంతల్లో పడతారు. పడనివ్వండి.

మొదటి గుంత అన్నిటికన్నా పెద్దది. "గిన్నెను తాకితే స్కోరు పెంచు" అన్నది రాస్తారు గానీ దాన్ని "ఎప్పటికీ" లోపల పెట్టరు. నక్షత్రం గిన్నెలో పడుతుంది, స్కోరు కదలదు. "నేను రాశాను కదా, తాకితే పెంచమని!" మనిషికి "వాన వస్తే గొడుగు తీసుకో" అంటే వాన ఎప్పుడొచ్చినా తీసుకుంటాడు. ప్రోగ్రాము అలా కాదు. ఆ వాక్యం దగ్గరికి వచ్చిన క్షణంలో వాన పడుతోందా అని ఒక్కసారి చూస్తుంది, లేకపోతే దాటి వెళ్లిపోతుంది. నేను పిల్లలకు కాపలా మనిషి కథ చెబుతాను. గుమ్మం దగ్గర ఒక్కసారి తొంగిచూసి ఇంటికి పోయిన కాపలావాడు దొంగను పట్టగలడా? రాత్రంతా మళ్ళీమళ్ళీ చూడాలి. "అయితే మళ్ళీమళ్ళీ చూడమని చెప్పే బ్లాకు ఏది?" అని అడిగితే పిల్లలు తామే వెతికి తెస్తారు.

రెండో గుంత దానికి విరుద్ధం. ఒక నక్షత్రం పట్టుకుంటే స్కోరు ఒకటి కాకుండా అమాంతం ఇరవై ముప్పై పెరుగుతుంది. లూప్ సెకనుకు దాదాపు 30సార్లు తిరుగుతోంది, నక్షత్రం గిన్నెను తాకి ఉన్నంతసేపూ ప్రతిసారీ ఒక మార్కు వేస్తోంది. పట్టుకున్న వెంటనే నక్షత్రాన్ని పైకి పంపేస్తే సరి. ఈ తప్పు దొరికినప్పుడు పిల్లలు దాన్ని సరిచేయడానికి ఇష్టపడకపోవచ్చు. ముప్పై మార్కులు ఎవరికి చేదు?

మూడోది, రెండోసారి ఆడితే స్కోరు పాత అంకె నుంచే మొదలవుతుంది. "చేయి", "మార్చు" అన్న రెండు బ్లాకుల మధ్య తేడా ఇక్కడ తేలుతుంది. ఒకటి పలక తుడిచి కొత్త అంకె రాస్తుంది, ఇంకొకటి ఉన్న అంకెకు కలుపుతుంది. స్కోరు లాంటి, అంకెను గుర్తుంచుకునే వేరియబుల్‌ను నేను పేరు రాసి ఉన్న పలక అంటాను. పలక మీద ఒకే అంకె పడుతుంది, కొత్తది రాస్తే పాతది పోతుంది.

మరో చిన్న వింత కూడా ఎదురవుతుంది. పిల్లిని ఎడమవైపు చూడమంటే తలకిందులవుతుంది. దిశ కింద ఉన్న అమరికలో కుడి ఎడమలు మాత్రమే అన్న గుర్తును ఎంచుకుంటే నిలబడుతుంది. ఇది ఆలోచనలో తప్పు కాదు, పనిముట్టు తీరు. ఇలాంటివి వెంటనే చెప్పేయండి, దాచి సాధించేది ఏమీ లేదు.

తప్పు దొరకనప్పుడు మీరు చేయాల్సినవి

చేతులు వెనక్కి కట్టుకోండి. నిజంగానే కట్టుకోండి. తెరను వేలితో చూపించడం కూడా సగం జవాబు చెప్పినట్టే.

కోడ్‌ను పైకి చదవమనండి, తను రాసిందని అనుకుంటున్నది కాకుండా అక్కడ ఉన్నది. సగం తప్పులు ఈ చదువులోనే బయటపడతాయి. అయినా దొరకకపోతే పేర్చిన బ్లాకుల గుత్తిని విడదీయించండి. ఏ ముక్కనైనా పక్కకు లాగి నొక్కితే ఆ ముక్క మాత్రమే నడుస్తుంది, కాబట్టి పని చేసే ముక్క ఏదో, చేయని ముక్క ఏదో వేరు చేయవచ్చు. నడుస్తున్న గుత్తి చుట్టూ పసుపు వెలుగు కనిపిస్తుంది. జెండా నొక్కినా వెలుగు రాలేదంటే ఆ గుత్తికి పిలుపే అందలేదన్నమాట. పిల్లి చేత మాట్లాడించడం ఇంకో ఉపాయం. అనుమానం ఉన్నచోట "ఇక్కడికి వచ్చాను" అనే మాట పెడితే, పిల్లి ఆ మాట అన్నదో లేదో చూసి కోడ్ ఎందాకా వెళ్లిందో తెలుసుకోవచ్చు.

మీరు అడగాల్సిన ప్రశ్నలు కొన్నే. ఏం జరగాలనుకున్నావు? ఏం జరిగింది? రెండూ ఎక్కడ విడిపోయాయి? అడిగాక మౌనంగా ఉండండి. పిల్లవాడు ఆలోచిస్తున్నప్పుడు ఆ మౌనం మీకు చాలా పొడుగ్గా అనిపిస్తుంది, వాడికి అనిపించదు.

నిజంగా విసిగిపోయి ఏడుపు మొహం పెట్టినప్పుడు మాత్రం పట్టుదలకు పోవద్దు. ఒక చిన్న ఆధారం ఇవ్వండి, లేదా ఫైలు దాచి లేచిపోండి.

ఇద్దరు పిల్లలుంటే ఒకే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టడం మేలు. ఒకరి చేతిలో మౌస్, మరొకరి నోట ఆలోచన. పది నిమిషాలకోసారి మార్చాలి. మౌస్ ఉన్నవాడు సొంతంగా చేయకూడదు, నోరున్నవాడు చెయ్యి చాపకూడదు. గొడవలు వస్తాయి, గడియారం పెట్టుకోండి.

వీడియోలు చూసి చేసినవి

పిల్లలు వీడియో ఆపుతూ నడుపుతూ అందులో ఉన్నట్టే బ్లాకులు పేర్చి, ఘనమైన ఆట ఒకటి తెచ్చి చూపిస్తారు. మెచ్చుకోండి. తర్వాత ఒక మార్పు అడగండి: "రాక్షసుడు రెండుసార్లు తగిలితేనే ఆట అయిపోయేలా చేయగలవా?" చేయగలిగితే నేర్చుకున్నట్టే. చేయలేకపోతే చేసింది చేతిరాత సాధన లాంటిది, దానివల్ల నష్టం లేదు గానీ దాన్ని ప్రోగ్రామింగ్ అని లెక్కవేసుకోవద్దు.

దీనికన్నా నాకు నచ్చే దారి మరొకటుంది. స్క్రాచ్ సైటులో ఎవరు పంచుకున్న ప్రాజెక్టునైనా తెరిచి లోపలి కోడ్ చూడవచ్చు, దాని ప్రతి తీసుకుని మార్చుకోవచ్చు. అసలు చేసినవారి పేరు దానంతటదే కింద కనిపిస్తుంది. ఒక్క అంకె మార్చి ఏమవుతుందో ఊహించడం, నొక్కి చూడటం, మళ్ళీ ఇంకొకటి. వేరేవాళ్ల కోడ్ చదవడం ఇలాగే అలవడుతుంది. పిల్లలు తమ ప్రాజెక్టులను అందులో పంచుకోవాలంటే ఖాతా కావాలి. ఖాతా పేరులో అసలు పేరు, బడి పేరు రాకుండా చూడండి. అక్కడి వ్యాఖ్యలు అందరికీ కనిపిస్తాయి, కాబట్టి మొదట్లో మీరూ చదువుతూ ఉండండి.

ఒక స్ప్రైట్ ఇంకొకదాన్ని పిలవాలంటే

ఆట పెద్దదయ్యే కొద్దీ పాత్రల మధ్య సమాచారం అవసరమవుతుంది. సమయం అయిపోగానే నక్షత్రం ఆగాలి, గిన్నె మాయమవ్వాలి, "ఆట ముగిసింది" అనే పలక రావాలి. పిల్లలు మొదట సెకన్లు లెక్కపెట్టి అన్నిచోట్లా ఆగు బ్లాకులు పెడతారు. ఒక అంకె మారితే అంతా చెదిరిపోతుంది. అప్పుడు పసుపు రంగులోని సందేశం పంపే బ్లాకును పరిచయం చేయండి. ఒకరు దండోరా వేస్తారు, అది తమ కోసమే అనుకున్నవాళ్లు పని మొదలుపెడతారు. దండోరా వేసేవాడికి ఎవరు విన్నారో తెలియనక్కరలేదు.

ఇదయ్యాక సొంత బ్లాకులు తయారుచేసుకోవడం. చతురస్రం గీసే కోడ్‌కు ఒక పేరు పెట్టి, భుజం పొడవును బయటినుంచి ఇచ్చేలా చేయించండి. ఒక ఊరంతా ఇళ్లు గీయాలన్న కోరిక పుట్టేదాకా ఆగితే దీని అవసరం వాళ్లకే తెలిసివస్తుంది.

మాటల కోడ్‌కు ఎప్పుడు మారాలి

వయసు చూసి నిర్ణయించవద్దు. పక్కింటి పిల్లవాడు పైథాన్ అనే మాటల కోడ్ భాష మొదలుపెట్టాడని అసలే వద్దు. గుర్తులు వేరే ఉంటాయి. బ్లాకుల గుత్తులు తెర దాటిపోయి, లాగడం కన్నా రాయడమే నయమని పిల్లలే గొణుగుతారు. సొంత బ్లాకులు అడగకుండానే వాడతారు. తప్పు దొరికినప్పుడు మిమ్మల్ని పిలవడం మానేస్తారు.

మధ్యలో మజిలీలు ఉన్నాయి. మైక్రోబిట్ అనే చిన్న సర్క్యూట్ బోర్డుకు మేక్‌కోడ్ అనే సాధనంలో బ్లాకులతో కోడ్ రాస్తూ, అదే కోడ్‌ను జావాస్క్రిప్ట్‌లోనో పైథాన్‌లోనో పక్కనే చూడవచ్చు. ఫోన్ యాప్‌లు చేయాలనేవాళ్లకు ఎంఐటీ యాప్ ఇన్వెంటర్ ఉంది, అదీ బ్లాకులతోనే. బ్లాకుల్లోనే ఇంకా లోతుకు వెళ్లాలంటే బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన స్నాప్ ఉంది.

పైథాన్‌కు మారిన రోజున కొత్త ఆట మొదలుపెట్టవద్దు. పైథాన్‌తోపాటే టర్టిల్ అనే భాగం వస్తుంది, లోగో తాబేలు అందులో ఇంకా బతికే ఉంది. పాత చతురస్రాన్నే దానితో గీయించండి: ముందుకు 100, కుడికి 90, నాలుగుసార్లు. పిల్లలకు లెక్క ముందే తెలుసు కాబట్టి కొత్తగా పడాల్సిన పాట్లు చుక్కలతో, ఖాళీలతోనే. మొదటిసారే ఎర్రటి తప్పు సందేశం వస్తుంది, ఎందుకంటే లూప్ వరస చివర రెండు చుక్కలు పెట్టడం అందరూ మరిచిపోతారు. నవ్వేసి పెట్టించండి. తర్వాత త్రిభుజం అడగండి. ఈసారి 120 అని వాళ్లే టైపు చేస్తారు. నడిపించే మీట నొక్కే ముందు మాత్రం ఏం వస్తుందో చెప్పించడం మరవకండి.